పేపర్ వేస్తేనే పలికే దేవుళ్లు

ఏప్రిల్ అప్రైజల్‌లో "ఈసారి బడ్జెట్ లేదు" అని నీళ్లు నమిలిన మేనేజరే, జూన్‌లో నువ్వు పేపర్ వేసిన, అంటే రాజీనామా ఇచ్చిన గంటలో మీటింగ్ రూమ్ తలుపు మూసి, "అవతలివాళ్లు ఎంత ఇస్తున్నారు? మ్యాచ్ చేద్దాం" అంటాడు. మాదాపూర్‌లో పనిచేస్తూ ఈ సీను చూడలేదనకు. రెండు నెలల్లో నీ పనితనం పెరిగిందా? లేదు. వాడికి దడ పుట్టింది.

నైపుణ్యానికి పట్టం కడతామనే హెచ్ఆర్ కబుర్లు చెత్తబుట్టలో వెయ్యి. నువ్వు పోతే క్లయింటు బిల్లింగ్ ఆగుతుందా? కంపెనీకి తెలిసిన లెక్క అదొక్కటే.

2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్ అట్రిషన్, అంటే ఉద్యోగులు మానేసే రేటు, 28.4 శాతం. అప్పుడు చూడాలి మన ఐటీ మహారాజుల వినయం! మార్కెట్ చల్లబడిందో లేదో, 2023 ఫిబ్రవరిలో విప్రో, ఏడాదికి 6.5 లక్షలిస్తామన్న కుర్రాళ్లనే 3.5 లక్షలకు వస్తారా అని అడిగింది. అంతకు ఐదు నెలల ముందు ఇదే విప్రో, పోటీ కంపెనీలకు చాటుగా పనిచేశారని 300 మందిని సాగనంపింది. మూన్‌లైటింగ్ మోసమని దాని అధిపతి తీర్పిచ్చాడు. సరే, మోసమే. మరి మాటిచ్చిన జీతాన్ని ఇంచుమించు సగానికి కోయడం? వ్యూహమా?

ఈ దడ కొత్తదేమీ కాదు. 1913లో హెన్రీ ఫోర్డ్ ఫ్యాక్టరీలో కార్మికులు మానేసే రేటు 370 శాతం. మరుసటి జనవరిలోనే రోజుకూలీని ఇంచుమించు రెట్టింపు చేసి 5 డాలర్లన్నాడు. దయ కాదులే, కార్మికుల ఇళ్లలోకి తొంగిచూసే మనుషుల్నీ పెట్టాడు. అయినా లెక్క తెలిసినవాడు. మనవాళ్లకు భయమేస్తే జీతం కాదు, కంచె పెరుగుతుంది: 90 రోజుల నోటీసు, బాండు, రిలీవింగ్ లెటర్ తొక్కిపట్టడం. వాళ్లే నిన్ను వద్దనుకుంటే మాత్రం చాలాచోట్ల సాయంత్రానికల్లా ల్యాప్‌టాప్ లాక్.

నాకు ఒళ్లు మండేది నమ్ముకున్నవాడి గతి చూసి. పదిహేనేళ్లుగా అంటిపెట్టుకున్నవాడికన్నా నిన్న చేరినవాడికి జీతమెక్కువ. ఎందుకంటే పాతవాడికి ఇంటి ఈఎంఐ ఉందని, పిల్లల ఫీజులున్నాయని, ఎక్కడికీ కదల్లేడని హెచ్ఆర్‌కు ధీమా. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12,000 మందిని తీసేస్తామన్నప్పుడు, వేటు ఎక్కువగా పడేది మధ్య, పై స్థాయులవాళ్ల మీదేనంది. మనదంతా ఒకే కుటుంబం కదా!

ఇది చదివి ఏ వైస్ ప్రెసిడెంటుకైనా రోషమొస్తే రానీ. పేపర్ వెయ్యనివాళ్ల జీతాలూ, నిన్న చేరినవాళ్ల జీతాలూ పక్కపక్కనే నోటీసు బోర్డులో అంటించమను. అంటిస్తాడా?