మూత వేయని గొయ్యి



పల్లెలో ఏదైనా ప్రమాదము జరిగితే మన నోట వచ్చే మొదటి మాట "రాసిపెట్టి ఉంది, జరిగిపోయింది" అని. సంఘములోనైతే అదే మాటను కొంచెము మార్చి "దేవుని చిత్తము" అంటాము. దుఃఖములో ఉన్నవారిని ఓదార్చడానికి ఆ మాట అన్నా, బోరు గుంతకు మూత లేకపోవడము, కరెంటు తీగ చేతికి అందేంత కిందికి వేలాడడము, బ్రేకులు లేని ట్రాలీలో ముప్పయి మందిని ఎక్కించడము దేవుని చిత్తము కావు. అవి మనుష్యుల అజాగ్రత్త. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

మోషే ధర్మశాస్త్రము ఈ విషయములో ఎంత స్పష్టముగా ఉన్నదో చూడండి. నిర్గమ కాండము 21వ అధ్యాయములో గొయ్యి త్రవ్వి కప్పకుండా వదిలినవాని గురించి ఉన్నది. అందులో పొరుగువాని ఎద్దో గాడిదో పడి చస్తే గొయ్యి యజమాని దాని వెల ఇచ్చుకోవాలి. అదే అధ్యాయములో పొడిచే ఎద్దు సంగతీ ఉన్నది. అది పొడుస్తుందని ముందే తెలిసి, ఇతరులు హెచ్చరించినా కట్టివేయని యజమానికి శిక్ష చాలా కఠినము. ద్వితీయోపదేశ కాండము 22:8లో కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టించాలన్న ఆజ్ఞ ఉన్నది. లేకపోతే పడినవాని రక్తాపరాధము ఆ ఇంటిమీదికి వస్తుంది. మూడింటిలోనూ సూత్రము ఒక్కటే: నీ వస్తువువల్ల ఇతరులకు హాని కలుగుతుందని తెలిసికూడా అడ్డు పెట్టకపోతే, ఆ హానికి నీవే బాధ్యుడవు.

మన దేశపు చట్టము కూడా ఈ త్రోవలోనే నడుస్తున్నది. మన పల్లెల్లో మూత వేయని గోతులు ఏవో ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటిది నిజమైన గొయ్యి, అంటే నీళ్ళు పడని బోరు. 2017 జూన్‌లో రంగారెడ్డి జిల్లా చేవెళ్ళ మండలములో 18 నెలల పసిపాప మూత లేని బోరు గుంతలో పడి చనిపోయింది. అటువంటి మరణాలు ఆపాలని సుప్రీంకోర్టు 2010లోనే నియమాలు ఇచ్చింది. బోరు వేయడానికి 15 రోజుల ముందు అధికారులకు వ్రాతమూలముగా తెలపాలి. పని జరుగుతున్నంతకాలము చుట్టూ ముళ్ళకంచె ఉండాలి. కేసింగు పైపుకు గట్టి మూత బిగించాలి. నీళ్ళు పడకపోతే మట్టి, ఇసుక, రాళ్ళతో అడుగునుండి నేలమట్టము వరకు పూడ్చాలి. పైన గోనెసంచి కప్పి రాయి పెట్టడము మూత వేయడము కాదు. కేసింగు పైపు పీకి అమ్ముకుని గుంతను అలాగే వదిలేయడము మరీ ఘోరము.

రెండవది కరెంటు. అడవిపందులు పంట తినకుండా చేనుచుట్టూ తీగ లాగి, రాత్రివేళ కరెంటు కలిపేవారు ఉన్నారు. పంది సంగతి ఎలా ఉన్నా, తెల్లవారుజామున నీళ్ళు కట్టడానికి వచ్చిన పొరుగు రైతు పడిపోతున్నాడు. ఒక్కోసారి తీగ కట్టినవాడే పడిపోతున్నాడు. ఇది కరెంటు దొంగతనము మాత్రమే కాదు. మనిషి చనిపోతే మామూలు నిర్లక్ష్యముకంటె తీవ్రమైన నేరముగా కేసు పెట్టే వీలున్నది.

అయితే తెగిపడిన తీగ కరెంటు సంస్థదైతే? మధ్యప్రదేశ్‌లో 1997లో ఒకతను వానరాత్రి సైకిలుమీద ఇంటికి వస్తూ, రోడ్డుమీది నీళ్ళలో పడి ఉన్న తీగ తగిలి చనిపోయాడు. ఎవరో దొంగతనముగా కరెంటు లాగడానికి ఆ తీగ వేశారని, తమ తప్పు లేదని విద్యుత్ బోర్డు వాదించింది. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. అంత ప్రమాదకరమైన దానిని నడిపే సంస్థ దానివల్ల కలిగే హానికి పూచీ పడవలసిందేనని తీర్పు చెప్పింది. కాబట్టి మీ ఊరిలో తీగ వేలాడుతుంటే లైన్‌మన్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకోకండి. కాగితముమీద వ్రాసి సబ్‌స్టేషన్‌లో ఇచ్చి, నకలుమీద సంతకము తీసుకోండి. ఎద్దు పొడుస్తుందని యజమానిని హెచ్చరించినట్లు అదే సాక్ష్యము.

మూడవది, అన్నిటికంటె ఎక్కువగా మాట్లాడుకోవలసినది, ట్రాక్టరు.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వారిలో దాదాపు అందరూ స్త్రీలే. నాట్లకైనా, పెండ్లికైనా, మన కన్వెన్షన్ కూటములకైనా పల్లెల్లో ట్రాలీయే బస్సు. ట్రాలీకి చాలావరకు సొంత బ్రేకులు ఉండవు. మనుష్యులు నిలబడితే బరువు పైకి చేరుతుంది. కాలువగట్టుమీద ఒక చక్రము జారితే చాలు, పక్కకు పల్టీ కొట్టి అందరినీ తన కిందనే వేసుకుంటుంది. ఇక మడ్‌గార్డుమీద కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

చట్టము విషయము ఇంకా గట్టిగా వినండి. ట్రాలీ సరుకు మోయడానికి ఉన్నది. దానికి చేసిన సాధారణ ఇన్సూరెన్సు దారిన పోయేవారికి జరిగే హానికి వర్తిస్తుంది గాని, ట్రాలీలో ఎక్కినవారికి వర్తించదు. సరుకు బండిలో ఊరకే ఎక్కించుకున్నవారికి ఇన్సూరెన్సు కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. 2007లో ట్రాక్టరు ట్రాలీలో వెళ్ళి గాయపడిన కూలీ కేసులోనూ చట్టప్రకారము కంపెనీ బాధ్యత లేదన్నది. అతని బీదతనము చూసి, ముందు కంపెనీ డబ్బు ఇచ్చి తరువాత యజమానినుండి రాబట్టుకోమని ప్రత్యేకముగా ఆదేశించింది.

దీని అర్థము ఏమిటి? సంఘములో ఒక సహోదరుడు మంచి మనసుతో "డీజిలు కూడా నాదే, రండి" అని ట్రాక్టరు పెడతాడు. దారిలో పల్టీ కొడుతుంది. అప్పుడు చనిపోయినవారి కుటుంబములకు, గాయపడినవారికి ఇవ్వవలసిన సొమ్ము ఆ సహోదరుని ఇంటిమీద, పొలముమీద పడుతుంది. ఉచితముగా తీసుకెళ్ళానన్న మాట అక్కడ పనికిరాదు. గాయపడిన బీదవారికి కూడా ఆ సొమ్ము త్వరగా చేతికి రాదు. కాబట్టి కూటములకు వెళ్ళేటప్పుడు తలా కొంత వేసుకుని బస్సు గాని, ప్రయాణికులకు పర్మిట్టు ఉన్న బండి గాని మాట్లాడుకోండి.

నాల్గవది, పిల్లల చేతికి ఇచ్చే మోటారు సైకిలు. 18 ఏళ్ళు నిండని కుమారుడు ప్రమాదము చేస్తే 2019నుండి తండ్రిమీద లేదా బండి యజమానిమీద కేసు నడుస్తుంది. 3 సంవత్సరముల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, 12 నెలలపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవానికి 25 ఏళ్ళు వచ్చేవరకు లైసెన్సు ఇవ్వరు. "మావాడు ఎనిమిదో తరగతికే బండి నడుపుతాడు" అని మురిసిపోయే తలిదండ్రులు ఇది గుర్తుంచుకోవాలి.

సంఘము కూడా ఒక ఇంటి యజమాని వంటిదే. ఆదివారము బడి పిల్లలు ఆడుకునే ఆవరణలో బాప్తిస్మపు తొట్టి వాననీళ్ళతో నిండి తెరిచి ఉన్నదేమో, పందిరి ఇనుపగుంజలకు తీగలు చుట్టి ఉన్నవేమో, మందిరము మెట్లకు చేతిపట్టు ఉన్నదో లేదో పెద్దలు చూసుకోవాలి.

ఇంత జాగ్రత్త పడినా ప్రమాదము జరగవచ్చు. జరిగిన తరువాత చేయవలసినవి ఇవి.

ముందు ప్రాణము. 108కి ఫోను చేయండి. మంచి సమరయుని కథ మనకు తెలిసినదే. ఆ పేరుతోనే మోటారు వాహనాల చట్టములో ఇప్పుడు ఒక రక్షణ ఉన్నది. గాయపడినవానిని ఆసుపత్రిలో చేర్చినవారిని పేరు చెప్పమని గాని, సాక్షిగా ఉండమని గాని బలవంతపెట్టకూడదు. కేసులో ఇరుక్కుంటామని దాటిపోనవసరము లేదు. 2025లో వచ్చిన కేంద్ర పథకము ప్రకారము రోడ్డు ప్రమాదములో గాయపడినవారికి, గుర్తించిన ఆసుపత్రులలో 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల వరకు డబ్బు కట్టకుండా చికిత్స జరుగుతుంది.

తరువాత కాగితములు. పోలీసుస్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి చీటీలు, మందుల బిల్లులు, మరణమైతే పోస్టుమార్టమ్ రిపోర్టు, బండి నంబరు, దాని ఇన్సూరెన్సు వివరములు దాచుకోండి. "శవాన్ని కోయించడము ఎందుకు" అని ఆ రోజు ఊరుకున్నవారు తరువాత కోర్టులో మరణకారణము చూపలేక కష్టపడతారు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. మన ఊళ్ళలో ప్రమాదము జరిగిన రెండవ రోజే పెద్దమనుషులు కూర్చుంటారు. "వాడు మాత్రం కావాలని చేశాడా? లక్ష ఇస్తాడు, సంతకము పెట్టమ్మా" అంటారు. సంఘములోనైతే "క్షమించమని ప్రభువు చెప్పాడు గదా" అనే మాట కూడా కలుస్తుంది. భర్త పోయిన దుఃఖములో ఆ తల్లి వేలిముద్ర వేస్తుంది. ఆమె ఏమి పోగొట్టుకున్నదో లెక్క చూడండి.

నెలకు 12,000 రూపాయలు తెచ్చే 35 ఏళ్ళ తాపీమేస్త్రీని ఇన్సూరెన్సు ఉన్న లారీ గుద్ది చంపిందనుకుందాము. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. సుప్రీంకోర్టు 2009, 2017 తీర్పులలో చెప్పిన పద్ధతి ప్రకారము, ముందుముందు పెరిగే సంపాదన కింద 40 శాతము కలుపుతారు. నెలకు 16,800, ఏడాదికి 2,01,600 అవుతుంది. అతని సొంత ఖర్చు మూడవ వంతు తీసివేస్తే 1,34,400. ఆ వయసుకు 16తో హెచ్చవేస్తే 21,50,400 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు వంటివి దీనికి అదనము. లారీదే తప్పని, సంపాదన ఇంత అని రుజువు కావాలి. మృతునిది కూడా కొంత తప్పు ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. అయినా లక్ష ఎక్కడ, ఇది ఎక్కడ? చనిపోయినది ఇల్లాలైతే ఏమీ రాదనుకోకండి. ఇంటి చాకిరీకి కూడా వెల కట్టాలని 2021లో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది.

ఈ సొమ్ము ఇచ్చేది ఎక్కువగా ఇన్సూరెన్సు కంపెనీ. ఆ పనికోసమే యజమాని ప్రతి ఏడూ ప్రీమియము కడుతున్నాడు. డ్రైవరును హృదయపూర్వకముగా క్షమించి, అతని పిల్లలకోసము ప్రార్థన చేసి, తన పిల్లల అన్నముకోసము ట్రిబ్యునల్లో దావా వేయడములో ఏ పాపమూ లేదు. లూకా 18వ అధ్యాయములో న్యాయము తీర్చమని న్యాయాధిపతిని విడవకుండా అడిగిన విధవరాలిని ప్రభువు తప్పుపట్టలేదు. జక్కయ్య కూడా మాటతో సరిపెట్టక, తిరిగి ఇచ్చుకుంటానన్నాడు. క్షమాపణ పేరుతో విధవరాలి నోరు మూయించడము క్షమాపణ కాదు.

అదే సమయములో అబద్ధపు దారి పట్టకండి. లైసెన్సు లేని తమ్ముని బదులు లైసెన్సు ఉన్న అన్న బండి నడిపాడని వ్రాయించడము, ఇన్సూరెన్సు ఉన్న వేరే బండిని చూపించడము మోసము. బయటపడితే ఉన్న హక్కు కూడా పోతుంది. ఆసుపత్రి గేటు దగ్గర "సగము మాకు" అనే దళారుల చేతికి ఖాళీ కాగితములమీద సంతకములు ఇవ్వకండి.

కొన్ని గుర్తులు. దావాను ప్రమాదము జరిగిన చోటనే కాక, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనూ వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1నుండి 6 నెలల గడువు వచ్చింది, కాబట్టి ఏడాది మాసికము అయ్యేవరకు ఆగకండి. తప్పు ఎవరిదో రుజువు చేయలేని చోట మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు అడిగే మార్గము ఉన్నది. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే ప్రభుత్వ నిధినుండి మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50,000 వస్తుంది. మీకు ఏ మార్గము మేలో వకీలును అడగండి. వకీలుకు ఇచ్చుకోలేని స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు ఆదాయముతో పనిలేకుండా న్యాయసేవల సంస్థ ఉచితముగా వకీలును ఇస్తుంది. ఫోను నంబరు 15100.

ప్రియులారా, ఈ నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థన అయిన తరువాత దీపము పట్టుకుని ఇల్లు, దొడ్డి, చేను ఒక్కసారి చుట్టి రండి. బోరుకు మూత, డాబాకు పిట్టగోడ, మోటారుకు మంచి తీగ, బండికి ఇన్సూరెన్సు కాగితము, నాలుగూ ఉన్నవో లేవో చూడండి. లేనిది మరునాడే సరిచేయండి. పొరుగువానిని ప్రేమించడమంటే అతని బిడ్డ పడకుండా మన గొయ్యి కప్పడము కూడా.