ఈత నేర్వని అంతర్వేది బిడ్డలు

కృష్ణా తుంగభద్రల నడుమ నున్నందున మన రాయచూరు సీమకు అంతర్వేది యని పేరు వచ్చినది. ఈ సీమకై విజయనగర, బహమనీ ప్రభువులు తరతరములు పోరాడిరి. ఉత్తరమున ఒక మహానది, దక్షిణమున మఱియొక మహానది, నడుమ తుంగభద్ర ఎడమ కాలువయు, దాని పిల్లకాలువలును. ఇంత నీటి నడుమ పెరుగుచున్న మన పట్టణపు పిల్లలలో ఎందఱికి ఈత వచ్చును? పాఠకులు తమ యింటి పిల్లలనే అడిగి చూడవచ్చును.

మన పెద్దలలో పలువురు ఊరి మోటబావిలోనో, దిగుడు బావిలోనో ఈత నేర్చినవారే. నడుమునకు ఎండిన సొరకాయ బుఱ్ఱయో, మునగ బెండ్లో కట్టి, మేనమామ గట్టుమీద త్రాడు పట్టుకొని నిలువగా, పిల్లవాడు నీట కాళ్లు కొట్టెడివాడు. కొన్ని దినములకు బెండ్లు విప్పెడివారు. ఆ విద్యకు రుసుము లేదు, దరఖాస్తు లేదు. అయినను ఆ బావులను తలచి మురిసిపోవుటకు ముందు ఒక మాట జ్ఞాపక ముంచుకొనవలెను. ఆ బావి అందఱిదియు కాదు. దళిత కుటుంబపు బాలుడు దాని మెట్టుపై కాలు మోపుటకు వీలులేని ఊళ్లు అనేకము. ఆడపిల్లకు పండ్రెండేండ్లు వచ్చుసరికి ఆ బావి దాదాపు మూతపడినట్లే.

నేడు ఆ బావులును లేవు. గొట్టపు బావులు వచ్చిన పిదప పాత బావులు ఎండినవి, కొన్ని పూడినవి, కొన్ని చెత్త పోయు గుంతలైనవి. ఈత ఇప్పుడు పట్టణములలో డబ్బిచ్చి కొనవలసిన వస్తువు. నెలసరి రుసుము, టోపీ, కంటి అద్దములు, ఈత దుస్తులు, రానుపోను ఆటో కిరాయి, ఇన్నియు కలిపి ఇద్దఱు బిడ్డల తండ్రియైన గుమాస్తా లెక్క వేసికొని, ఈ వేసవికి వద్దులెమ్మని ఊరకుండును. అతనిని తప్పుపట్టజాలము.

దీనిని కేవలము వినోదముగ తలచువారితో మాకు పేచీ. 2022లో మన దేశమున 38 వేలకు పైగా ప్రజలు నీట మునిగి మరణించిరని జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలు తెలుపుచున్నవి. నీటి ప్రమాదముల నివారణకై ఐక్యరాజ్య సమితి 2021లో జూలై 25వ తేదీని ప్రత్యేక దినముగ ప్రకటించినది. ఆరేండ్లు దాటిన బాలబాలికలకు ఈత, నీటి జాగ్రత్తలు, రక్షణ పద్ధతులు నేర్పవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మన సంగతి చూడుడు. సింధనూరు, మాన్వి ప్రాంతముల క్యాంపులలో మన బంధువుల యిండ్లు కాలువ గట్టుననే యున్నవి. సెలవులకు పట్టణపు పిల్లలు అచ్చటికే పోవుదురు. గచ్చు చేసిన కాలువ అంచు ఏటవాలుగ నుండును, పాచి పట్టియుండును, పట్టుకొనుటకు గడ్డిపోచ కూడ దొరకదు. దిగుట సులభము, ఎక్కుట కష్టము. మంత్రాలయమున తుంగభద్రా స్నానము, కురువపురమునకు పుట్టిపై ప్రయాణము మనకు అలవాటు. 2028లో కృష్ణా పుష్కరములు రానున్నవి.

మన రాష్ట్రమునకు ఈత విద్య కొఱవడినదా యనిన, లేదు. 2024 పారిసు ఒలింపిక్సు క్రీడలకు భారతదేశము పంపిన ఈతగాండ్రు ఇద్దఱే: శ్రీహరి నటరాజు, పదునాలుగేండ్ల ధీనిధి దేశింగు. ఇద్దఱును బెంగుళూరు వారే. సంతోషమే. కాని బెంగుళూరు చెంత మహానది యేదియు లేదు, కొలనులున్నవి, శిక్షకులున్నారు. మనకు నదులున్నవి.

త్రాగుటకే మంచినీరు చాలని యూర ఈతకొలను లెందుకని అడుగువారుందురు. 2022లో మన నగరమున కలుషితమైన కుళాయి నీటివలన ప్రాణములు పోయినవి గనుక ఈ ప్రశ్నను తేలికగ త్రోసివేయరాదు. అయితే లెక్క చూతము. నేర్చుకొను పిల్లలకు ఒలింపిక్సు కొలను అక్కఱలేదు. పండ్రెండు మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు, మీటరు లోతుగల తొట్టి చాలును. దానికి 72 వేల లీటర్లు పట్టును. ఆరువేల లీటర్ల ట్యాంకర్లు పండ్రెండు. ఇసుక వడపోతయు, క్లోరినును సరిగ నడిపినచో ఆ నీటినే నెలల తరబడి వాడవచ్చును. ఆవిరియైనంత నింపిన చాలును.

మనకంటె బీదదైన బంగ్లాదేశమున ఇంతకంటె చవుకగ జరిగినది. 2006 నుండి అచ్చటి పల్లెలలో ఊరి చెఱువులందే వెదురు కంచెయు, వెదురు తట్టుయు కట్టి పిల్లలకు నేర్పిరి. 25 మీటర్లు ఈదుట, 30 సెకండ్లు నీటిపై తేలియుండుట, ఒడ్డునుండి ఇతరులను రక్షించుట, ఇవియే పరీక్ష. అట్లు నేర్చినవారిలో మునిగి చనిపోవుట నూటికి తొంబది పాళ్లకు మించి తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి.

అయితే ఈత యొక్కటియే రక్ష కాదు. 2014 జూన్ 8న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది హిమాచలమున బియాసు నదిలో కొట్టుకొనిపోయిరి. పైనున్న ఆనకట్ట నుండి వదలిన నీరు ఒక్కసారిగ వచ్చిపడినది. అట్టి వరదకు గజ ఈతగాడును నిలువజాలడు. కావున నారాయణపురము, తుంగభద్ర ఆనకట్టల నుండి నీరు వదలినపుడు నది ఒడ్డున నేమి జరుగునో కూడ పిల్లలకు చెప్పవలెను. మునుగుచున్నవాడు తఱచుగ కేకవేయడనియు, వానికై దుముకక పంచెయో, చీరయో, మూత బిగించిన ఖాళీ డబ్బాయో విసరవలెననియు, వెలికి తీసినవానిని తలక్రిందులుగ వ్రేలాడదీయక, పొట్ట నొక్కక, ఊపిరి లేనిచో వెంటనే నోటిద్వారా ఊపిరి అందించుచు గుండె ఒత్తిడి చేయవలెననియు నేర్పవలెను. ఇది పెద్దలును నేర్వవలసిన విద్యయే.

ఆడపిల్లల విషయము ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. మన యిండ్లలో అడ్డు రుసుము మాత్రమే కాదు. స్త్రీ శిక్షకురాలు, ప్రత్యేక వేళ, చుట్టు గోడ, దుస్తులు మార్చుకొను గది లేనిచో తల్లి పంపదు. పంపకుండుటకు ఆమెకు కారణములున్నవి. నలువది దాటిన పిదప ఈత నేర్చిన తెలుగు మహిళ గోలి శ్యామల 2021లో పాకు జలసంధిని ఈదినది. పదేండ్ల పిల్లకు ఇంకెంత కాలమున్నది!

మేము కోరునది విశేషమైనది కాదు. నగర పాలకులు, జిల్లా క్రీడా శాఖవారు ప్రభుత్వ పాఠశాలల నాలుగవ తరగతి నుండి ఏడవ తరగతి వఱకు గల బాలబాలికలకు వేసవిలో ఉచితముగ మూడు వారముల శిక్షణ ఏర్పఱుపవలెను. 371(జె) అధికరణము ననుసరించి ఏర్పడిన కల్యాణ కర్ణాటక ప్రాంతాభివృద్ధి మండలి నిధులలో నేర్చుకొను తొట్టి యొక్కటి అడుగుట అత్యాశ కాదు. కొలను కట్టుటతో పని తీరదు. నీటి పరీక్షకు, కాపలాకు, శిక్షకుని జీతమునకు ఏటేట పద్దు చూపవలెను. ఈ అర్జీని కన్నడ సోదరులతో కలిసి, కన్నడముననే వ్రాయుదము. వారి ‘ఈజు’, మన ‘ఈదు’ ఒక్క ధాతువే. బిడ్డలును ఒక్క బడివారే.

మన సంఘము చేయదగిన పని యొకటి కలదు. ఈత వచ్చిన పెద్దలు, శిక్షణ పొందగోరు స్త్రీలు, పంపదలచిన పిల్లల వయస్సు, బడి పేరు కార్యాలయమున నమోదు చేయించిన యెడల, ఉత్త మాటలతో గాక ఆ పట్టికతో అధికారుల యొద్దకు పోవచ్చును. బీద పిల్లల దుస్తుల ఖర్చు మన సభ్యులే భరింపగలరు. పుస్తకము తెఱచియున్నది, ఆదివారము ఉదయము వచ్చి పేర్లు వ్రాయింపుడు.