ఈ ఏడు కృతజ్ఞత విందుకు ఎంతమంది?



మన ఊరి నుంచి వెళ్ళి న్యూజెర్సీలో కాపురముంటున్న మన సంఘపు అమ్మాయి ఒకరు మొన్న ఫోను చేసింది. "అయ్యగారూ, ఈ నెల 26వ తారీఖున ఇక్కడ థాంక్స్‌గివింగ్. ఏటా మా ఇంట్లో ఆరు తెలుగు కుటుంబాలు కూడుకుంటాం. ప్రార్థన, పాటలు, తర్వాత భోజనం. ఈసారి వద్దంటే కొందరు నొచ్చుకుంటున్నారు. కరోనాకు భయపడి దేవునికి స్తుతి చెల్లించడం మానేస్తామా అంటున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

"మీ ఇంట్లో ఉన్నవాళ్ళు మాత్రమే కూర్చోండమ్మా" అని అప్పుడే చెప్పేశాను. అయితే ఇక్కడ మన పెద్దలు కూడా కోతల పండుగ ప్రేమ విందు గురించి ఇదే అడుగుతున్నారు. కాబట్టి నేను అలా ఎందుకన్నానో అందరికీ చెప్పాలి. అది చెప్పాలంటే ముందు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

ఆగస్టులో మన సంఘంలో ఒక కుటుంబం కొత్త ఇంటి ప్రతిష్ఠ పెట్టుకుంది. ఆ ఇంటి యజమాని ముందే నా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, రోజులు బాగోలేదు, ఇంటివాళ్ళ వరకే పెట్టుకుందామా?" అన్నాడు. "దేవునికి కృతజ్ఞత చెల్లించే పనికి భయమెందుకు, పిలవండి" అని నేనే అన్నాను. అరవైమంది దాకా వచ్చారు. బయట షామియానా వేశారు గానీ వాన పట్టుకుంది. అందరం లోపలికి వెళ్ళాం, జల్లు కొడుతోందని కిటికీలు మూశాం, గంటన్నర పాటలు పాడాం, పక్కపక్కనే కూర్చుని భోంచేశాం. తొమ్మిదో రోజుకు ఏడుగురికి జ్వరం. ఆరుగురు కోలుకున్నారు. ఆ ఇంటి పెద్దమ్మగారు, ప్రతి ఆదివారం ముందు వరుసలో చాప మీద కూర్చునే మనిషి, ఆసుపత్రి నుంచి ఇంటికి రాలేదు. సమాధి దగ్గరకు నలుగురిని రానిచ్చారు. నేను గేటు బయట నిలబడి ప్రార్థన చేశాను. ఆ కొడుకు ఈ రోజు వరకు నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

అప్పుడు నా నోట వచ్చింది 91వ కీర్తనే. ఏ తెగులూ నీ గుడారము దగ్గరకు రాదన్న వాగ్దానం అందులోనే ఉంది. మన ఇళ్ళలో చాలామంది దాన్ని గుమ్మం మీద రాయించుకున్నారు. వాగ్దానం నిజమే. కానీ దాని తర్వాతి వచనాలనే సాతాను దేవాలయ శిఖరం మీద ప్రభువుకు వినిపించి, దూకమన్నాడు (మత్తయి 4). ప్రభువు దూకలేదు, దేవుని శోధింపకూడదన్నాడు. ఆ ఘట్టం మీద ఎన్నో సార్లు వాక్యం చెప్పినవాణ్ణి, ఆగస్టులో అది నాకు తట్టలేదు.

ఇక అమెరికా పండుగ సంగతి. 1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది ప్రయాణికులు ఇంగ్లండు నుంచి వెళ్ళారు. మొదటి చలికాలం గడిచేసరికి చలికీ జబ్బుకీ దాదాపు సగంమంది పోయారు. 1621లో పంట చేతికొచ్చాక మిగిలినవాళ్ళు చేసుకున్న విందునే తర్వాతివారు మొదటి థాంక్స్‌గివింగ్ అన్నారు. వాంపనోగ్ ప్రజల నాయకుడు మసాసోయిట్ తొంభైమందితో వచ్చి ఆ విందులో కూర్చున్నాడు. అంతకు కొద్ది ఏళ్ళ ముందే తెగులు వచ్చి ఆ వాంపనోగుల ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. పిల్లల బొమ్మల పుస్తకాల్లో కాల్చిన టర్కీ కోడి కనబడుతుంది గానీ ఇది కనబడదు. రెండు వైపులా సమాధులు తవ్వి వచ్చినవాళ్ళే ఆ రోజు తిన్నారు. లింకన్ 1863లో ఈ పండుగను దేశమంతటికీ ప్రకటించినప్పుడు కూడా అక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది. కాబట్టి దుఃఖంలో ఉన్న ఏడాది ఈ పండుగ ఎలాగూ కుదరదు అనుకోనక్కరలేదు.

"కూడుకోకపోతే స్తుతి ఎలా?" అన్నదానికి నిర్గమకాండము 12వ అధ్యాయం చూడండి. ఆరు లక్షలమంది పురుషులున్న జనానికి దేవుడు మొదటి పస్కాను మైదానంలో పెట్టలేదు. ఇంటికొక గొఱ్ఱెపిల్ల అన్నాడు. తెల్లవారేవరకు ఎవరూ గుమ్మం దాటవద్దన్నాడు. బయట మరణం తిరుగుతున్న రాత్రి తలుపు వేసుకుని తినడమే ఆ రోజు విధేయత. అయితే ఇంట్లో మనుషులు తక్కువైతే పొరుగువాణ్ణి కలుపుకోమని కూడా అక్కడే ఉంది. ఒంటరివాళ్ళ సంగతి దేవుడు మర్చిపోలేదు. తలుపు వేసుకుంటే మన బాధ్యత తీరిపోయిందనుకుంటాం చూడండి, నాకు దిగులు అక్కడే.

దీనికి జవాబు నెహెమ్యా 8లో దొరికింది. ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న జనంతో, వెళ్ళి మంచి భోజనం చేయండి, ఏమీ సిద్ధం చేసుకోలేనివారికి వంతులు పంపండి అన్నారు. రమ్మని పిలవమనలేదు, పంపమన్నారు. విచిత్రమేమంటే అమెరికా ఆరోగ్య శాఖవారు, సీడీసీ అంటారు, 2020లో ఈ పండుగకు ఇచ్చిన సలహా కూడా ఇంచుమించు అదే. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు మాత్రమే కలిసి తినడం క్షేమమన్నారు. బంధువులకు, ఇరుగుపొరుగుకు వండి, ముట్టుకోకుండా గుమ్మం దగ్గర పెట్టి రమ్మన్నారు. ప్రయాణాలు వద్దన్నారు.

ఆ అమ్మాయి ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయిన అత్తగారు. ఆవిడకు షుగరు. మనమైతే వేపచెట్టు కింద ఎడంగా కూర్చోవచ్చు. అక్కడ నవంబరు చలికి కిటికీలు బిగించి హీటరు వేసుకోవాలి. పదిమంది విడిచిన గాలే మళ్ళీ పదిమందీ పీల్చాలి, మా ఆగస్టు కూడికలో లాగా. అందుకే ఐదుగురూ కూర్చోండి, మిగతావాళ్ళతో జూమ్‌లో కలవండి అన్నాను. జూమ్‌లో అందరూ ఒకేసారి పాడితే పాట పాటలా ఉండదు. ఒక ఇల్లు పాడాలి, మిగతావాళ్ళు మ్యూట్‌లో పెట్టుకుని తమ ఇంట్లో పాడుకోవాలి. అనుభవం మీద చెబుతున్నాను.

ఇద్దరు ఎమ్మెస్ కుర్రాళ్ళు ఏటా వాళ్ళింటికే వస్తారట. ఈసారి రావద్దని చెప్పలేక ఆ అమ్మాయి నాలుగు రోజులుగా ఫోను చేయడం లేదు. "ముందు వాళ్ళకే ఫోను చెయ్యి తల్లీ. కోడి పలావు, పెరుగు పచ్చడి, మీ అమ్మ పంపిన గోంగూర ఒక సీసా. గుమ్మం దగ్గర పెట్టి, బెల్లు కొట్టి, నాలుగడుగులు వెనక్కి వచ్చి, మాస్కుతోనే రెండు మాటలు మాట్లాడి రా" అన్నాను. ఏడ్చింది. ఖాళీ కుర్చీలు బాధగా ఉండవని నేను అనను.

మన కోతల పండుగకు కూడా నేను పెద్దలకు చెప్పేది ఇదే. ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు పేటలవారీగా తెచ్చి అర్పించండి, వేలం పాట గుడి ఆవరణలోనే ఆరుబయట పెడదాం. పంక్తి భోజనం మాత్రం వద్దు. ఆ బియ్యం, ఆ కోళ్ళు, హైదరాబాదులో పని పోయి తిరిగొచ్చిన ఇళ్ళకూ విధవరాండ్ర ఇళ్ళకూ వంతులుగా వెళ్ళాలి. కానుక తగ్గుతుందని ఒక పెద్దాయన అన్నారు. తగ్గవచ్చు. నా జీతం కూడా అందులోనుంచే వస్తుంది కాబట్టి నాకూ తెలుసు.

అమ్మాయి వాళ్ళు గురువారం రాత్రి ఏడింటికి భోజనానికి కూర్చుంటారు. మనకది శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నర. భోజన ప్రార్థన నన్నే చేయమంది. ఆ వేళకు వాళ్ళమ్మగారి అరుగు మీదికి వస్తానని, ఫోను చార్జింగు పెట్టి ఉంచమని చెప్పాను. ఆవిడ గడప లోపల కూర్చుంటారు, నేను మెట్టు మీద.