గాలానికీ ఒక ధర్మముంది

నాతవరంలో సముద్రం లేదు. అనకాపల్లి జిల్లాలో కొండల చెంతనున్న ఈ మండలంలో తాండవ జలాశయం ఉంది. తూర్పు కనుమలలో పుట్టిన తాండవ నది ఇక్కడి ఆనకట్ట వద్ద ఆగి, సుమారు 51 వేల ఎకరాల ఆయకట్టుకు ఆధారమై, తుని, పాయకరావుపేటల నడుమగా సాగి, పెంటకోట వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. జలాశయపు గట్టున గాలం వేసిన బాలుడూ, విశాఖ తీరంలో జెట్టీ మీద గాలం వేసిన ఉద్యోగీ ఒకే నీటికి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చున్నవారే. కాబట్టి వారిద్దరికీ వర్తించే ధర్మం కూడా ఒకటే కావాలి.

గాలం వేయడం నింద్యమైన పని కాదు. అది ఓర్పును నేర్పుతుంది. అలల పోటుపాట్లను, గాలివాలును, నీటి రంగును గమనించే చూపునిస్తుంది. బెండు కదలిక కోసం గంటల తరబడి మౌనంగా ఎదురుచూడగలవాడు తొందరపాటును కొంతైనా జయించినవాడే. అయితే మనకు వినోదమైనది మరొకరికి జీవనాధారమన్న సంగతిని మరువరాదు.

మరబోట్లు, మోటారు పడవలు మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 రోజులు, సముద్రంలో వేటకు వెళ్ళరాదు. అనేక జాతుల చేపలు గుడ్లు పెట్టే కాలమది. పూర్వం ఇంతకంటె తక్కువగా ఉన్న ఈ విరామాన్ని 2015లో 61 రోజులకు పెంచారు. ఆ రోజుల్లో పడవలు రేవుకే కట్టుబడి ఉంటాయి. మత్స్యకారుని ఇంట ఆదాయం అడుగంటుతుంది. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలకు పెరిగినా, రెండు నెలల పాటు కుటుంబమంతటికీ అదే ఆధారమంటే భారం ఎంతటిదో ఊహించవచ్చు. రేపటి చేప కోసం నేటి కూటిని వదులుకోవడం సామాన్యమైన త్యాగం కాదు. బతుకు కోసం వేటాడేవాడు ఇంత నియమాన్ని పాటిస్తూ ఉంటే, సరదా కోసం వేటాడేవాడు ఏ నియమమూ లేకుండా ఉండటం న్యాయమేనా?

“ఒక్క గాలంతో సముద్రం ఖాళీ అవుతుందా? పెద్ద పెద్ద వలలు ఊడ్చుకుపోతూ ఉంటే మమ్మల్ని అంటారేమి?” అని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్నలో సత్యం లేకపోలేదు. సన్నని కన్నుల వలలు చేసే నష్టంతో పోలిస్తే గాలం చేసే నష్టం స్వల్పమే. వాటిని అదుపు చేయడం పాలకుల ప్రథమ కర్తవ్యం. కానీ ఇతరుల తప్పు పెద్దదైనంత మాత్రాన మన తప్పు ఒప్పు కాదు. పైగా తనకు తాను హద్దు గీసుకున్నవాడే ఇతరులను హద్దులో ఉండమని అడగగలడు.

ఆ హద్దులు కఠినమైనవేమీ కావు. మొదటిది, పిల్ల చేపను తిరిగి నీటిలో విడవడం. ఒక్కసారైనా గుడ్లు పెట్టే అవకాశం దానికి దక్కాలి. విడిచేటప్పుడు చేతులు తడి చేసుకోవాలి. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటిని కాపాడే జిగురు పొర చెడిపోతుంది. రెండవది, తెగిన నైలాను దారాన్ని నీటిలో వదలకపోవడం. అది ఏళ్ళ తరబడి కుళ్ళదు. పక్షుల కాళ్ళకు, తాబేళ్ళ మెడలకు ఉరితాడవుతుంది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వచ్చే తీరం మనది. మూడవది, పడవలు సరుకు దించే చోట అడ్డు నిలవకపోవడం. జెట్టీ మనకు విహారస్థలం కావచ్చు. మత్స్యకారునికి అది పనిచోటు.

నాతవరం వాసులకు ఇందులో మరొక బాధ్యత ఉంది. నది సముద్రంతో కలిసే చోట ఉప్పునీరు, మంచినీరు కలగలిసిన మొగలు అనేక చేపలకు, రొయ్యలకు పసితనపు ఊయలలు. ఎగువన పారవేసిన చెత్త, పొలాల నుండి జారిన పురుగుమందు ఆ ఊయలలోకే చేరుతాయి. కొండల చెంత మనం చేసిన అపచారానికి తీరంలో మరొకరి వల శిక్ష అనుభవిస్తుంది.

బాధ్యతతో కూడిన చేపలవేటకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1995లో ఒక ప్రవర్తనా నియమావళిని రూపొందించింది. దాని సారం మన పల్లె పెద్దలకు కొత్తది కాదు. విత్తనపు గింజను తినరాదని రైతుకు తెలుసు. చేపపిల్ల కూడా నీటి విత్తనమే. గాలాన్ని విసరడం నేర్చిన చేతికి, పట్టిన దానిని విడవడం కూడా తెలియాలి. అప్పుడే మన తరువాతి తరం పిల్లలు గట్టున కూర్చున్నప్పుడు వారి బెండు కదులుతుంది.