‘షట్’ అంటే మూశామా, మూయాలా?

గత సంచికలో ఇంగ్లీషు క్రియల భూతకాల రూపాలను గురించి ముచ్చటించుకున్నాము. ఈసారి మూడవ రూపం, అనగా పాస్ట్ పార్టిసిపుల్ సంగతి. ‘బ్రేక్, బ్రోక్, బ్రోకెన్’ అంటూ బడిలో వల్లె వేసిన పట్టికను మనలో చాలామందిమి పరీక్ష హాలులోనే వదిలి వచ్చాము. అందువల్లనే లాగ్ బుక్కులలో ‘కప్లింగ్ హాజ్ బ్రోక్’, ‘బేరింగ్ ఈజ్ వోర్ అవుట్’ వంటివి కనిపిస్తుంటాయి. అవి ‘బ్రోకెన్’, ‘వోర్న్’ కావాలి. తప్పులే అయినా చదివేవారికి విషయం బోధపడుతుంది.

మమ్ము కలవరపెట్టేవి అసలు రూపం మారని క్రియలు. షట్, కట్, పుట్, సెట్, కాస్ట్, బర్స్ట్: వీటికి మూడు రూపాలూ ఒక్కటే. కొన్నేళ్ళ క్రితం రాత్రి షిఫ్టు ముగిస్తూ మేము ‘చెక్డ్ ఆయిల్ లెవెల్, చేంజ్డ్ స్ట్రెయినర్’ అని వ్రాసి, ఆ క్రిందనే ‘షట్ డ్రెయిన్ వాల్వ్’ అని వ్రాశాము. మూయమని మా ఉద్దేశం. పై రెండు పనులూ జరిగినవి కనుక మూడవదీ జరిగిందనే ఉదయపు షిఫ్టువారు అనుకున్నారు. ట్యాంకు నింపడం మొదలుపెట్టారు. నీరంతా కాలువ పాలయింది. అది నీరే కావడం మా అదృష్టం, ఆమ్లమైతే ఏమయ్యేదో! తప్పు వారిది కాదు, మా వాక్యానిది.

తెలుగులో ‘మూశాము’, ‘మూయండి’ అన్నప్పుడు క్రియే అంతా చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ‘షట్’ ఒంటరిగా ఆ పని చేయలేదు. జరిగిన పనికి ‘హాజ్ బీన్ షట్’, జరగవలసిన దానికి ‘టు బి షట్’ అని వ్రాయాలి. ఆ రెండు మూడు మాటల దగ్గర సిరా పొదుపు చేయరాదు.

ఇక మారని క్రియలకు తోక తగిలించే అలవాటు మరొకటి. ‘స్లాబ్ కాస్టెడ్’, ‘పైప్ బర్స్టెడ్’ అనకూడదు. కాస్ట్, బర్స్ట్ చాలు. ‘మోటార్ రీవైండెడ్’ కూడా అటువంటిదే. వైండ్‌కు మూడవ రూపం వౌండ్ కనుక ‘రీవౌండ్’ అనాలి. గాయమనే ‘వూండ్’కూ దీనికీ అక్షరాలు ఒకటే, ఉచ్చారణ వేరు. చైన్ బ్లాకుకు బరువు వ్రేలాడదీస్తే ‘హంగ్’. ‘హ్యాంగ్డ్’ అని వ్రాస్తే ఉరి తీసినట్లవుతుంది! కాలిన కాయిల్‌కు మాత్రం బర్న్ట్, బర్న్డ్ రెండూ సరియైనవే.

ఈ నెల అభ్యాసం: ‘ద కేబుల్ వాజ్ లే ఇన్ ద ట్రెంచ్’. సరిచేయండి. ఇంట్లో పిల్లలను అడిగినా మాకు అభ్యంతరం లేదు. జవాబు వచ్చే సంచికలో.