స్టేజీ కింద కూర్చోవడమేనా?

కువైట్‌లో మన ఉగాది, సంక్రాంతి సభలకు వెళ్లినవారందరికీ తెలిసిన దృశ్యమే. స్టేజీ మీద పిల్లలు కూచిపూడి అడుగులు వేస్తుంటారు. కింద పెద్దలం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తుంటాం. నిజానికి ఆ అడుగుల అవసరం పిల్లలకంటే మనకే ఎక్కువని నా అభిప్రాయం.

షర్క్‌లో సముద్రం ఒడ్డున శుక్రవారం సాయంత్రం నడకకు వెళ్తే మనవాళ్లు కనబడుతుంటారు. అక్కడే రాయచోటి వైపు డ్రైవరు ఒకాయన పరిచయమయ్యాడు. ఊళ్లో శ్రీరామనవమికి చెక్కభజన ఆడేవాడట. గురువు అడుగు మారిస్తే వరుస మొత్తం మారాలి. పాట వినాలి, చెక్క తప్పకూడదు, పక్కవాడి కాలూ చూసుకోవాలి. ఇక్కడ ఆడరా అని అడిగితే, "ఈడ ఎవురితో ఎగరాల అన్నా?" అన్నాడు. పదకొండేళ్లుగా చెక్కలు పట్టలేదట.

ఆ ఆటలో కాళ్లకంటే మెదడుకే ఎక్కువ పని. న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని సుమారు ఐదేళ్లు గమనించిన వైద్యులు 2003లో ఫలితాలు ప్రచురించారు. నడక, ఈత, సైకిలు వంటి శారీరక వ్యాపకాల్లో ఒక్క నృత్యం చేసేవారిలోనే డిమెన్షియా ముప్పు తక్కువగా కనిపించింది. పుస్తకాలు చదివేవారి, వాద్యాలు వాయించేవారి సరసన వాళ్లు నిలిచారు. మెదడు చురుగ్గా ఉన్నవారే డాన్సుకు వెళ్లి ఉంటారేమో అన్న అనుమానం న్యాయమైనదే. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో 2017లో వెలువడిన ప్రయోగం చిన్నదే కానీ, ఆ విషయంలో కొంత వెలుగునిస్తుంది. వృద్ధుల్లో ఒక బృందం 18 నెలలు మామూలు వ్యాయామం చేసింది, మరో బృందం ఎప్పటికప్పుడు కొత్త అడుగులు నేర్చుకుంటూ నృత్యం చేసింది. జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ భాగం ఇద్దరిలోనూ పెరిగింది. తూలిపోకుండా నిలబడే శక్తి మాత్రం నృత్యం చేసినవారిలోనే మెరుగుపడింది.

ఇక మనసు సంగతి. ఈ షర్క్ ఒకప్పుడు ముత్యాల వేటకు వెళ్లే నావికుల పేట. ఓడ మీద పాడేవాణ్ణి నహ్హామ్ అనేవారు. అతను ఎత్తుకుంటే మిగతావారు చప్పట్లతో వంత పాడేవారు. నెలల తరబడి ఇల్లు విడిచిన మనుషులకు ఆ పాట ఎంత ఆసరాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గదిలో ఒంటరిగా రీల్స్ చూస్తూ నిద్రపోయే మనవాళ్లు ఎంతమంది లేరు?

అందుకే తెలుగు సంఘాలకు ఒక మనవి. ఏడాదికి ఒక పెద్ద కార్యక్రమానికి పెట్టే ఖర్చులో కొంత తీసి, వారానికి రెండు గంటలు ఒక హాలు అద్దెకు తీసుకోండి. కోలాటం, చెక్కభజన, బతుకమ్మ ఏదైనా సరే, ప్రేక్షకులు లేకుండా పెద్దలే ఆడాలి. అనుమతి లేకుండా ఆరుబయట గుమికూడడం ఇక్కడ కుదరదు కాబట్టి హాలు తప్పదు. మోకాళ్ల నొప్పులున్నవారు కూర్చుని చెక్కలు వాయించవచ్చు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లను ముందు పిలవండి. 2015 నాటి 68వ నంబరు చట్టం వాళ్లకు వారానికో సెలవు ఇచ్చింది. అది అందరికీ అందుతోందా అన్నది మరో సంపాదకీయానికి సరిపడే ప్రశ్న. అందినవాళ్లకైనా ఆ రోజు వెళ్లడానికి ఒక చోటు ఉండాలి కదా.

మొన్న ఆ డ్రైవరన్న మళ్లీ కలిశాడు. వచ్చే నెల సెలవుకు ఊరెళ్తున్నాడట. తిరిగొచ్చేటప్పుడు చెక్కలు తెస్తానన్నాడు. నాకూ ఒక జత తెమ్మన్నాను.