కట్ట పెంచితే బండికి బలం పెరుగుతుందా?

సార్వా కోతలు మొదలైతే కాకినాడ చుట్టుపక్కల పుంతల్లో ధాన్యం బస్తాలతో చిన్న ట్రక్కులు తిరుగుతుంటాయి. గోతుల్లో పడి లేచి వెనక కమాను కట్టలు కుంగగానే, ‘ఇంకో పట్టీ వేయించేస్తే సరి’ అనుకుంటాం. చిక్కంతా అక్కడే.

2005లో వచ్చిన టాటా ఏస్‌నే తీసుకోండి. అది మోయాల్సింది 750 కిలోలు. అంటే మన 75 కిలోల బస్తాలు పది. పట్టీ పెంచి పద్నాలుగు వేస్తే బండి కుంగకపోవచ్చు. కానీ ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు పాతవే కదా! ఆ అదనపు 300 కిలోలూ వాటి మీదే పడతాయి. గట్టు మీద బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగదు. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో అధిక లోడుకు జరిమానా 20 వేల రూపాయలు, అదనపు టన్నుకు మరో 2 వేలు.

చవకని పాత లారీ పట్టీ కోయించి వేయించకండి. కొలిమిలో కాల్చి వంచినా, వెల్డింగు పెట్టినా పట్టీకి మునుపటి పదును ఉండదు. కంపెనీదైనా, బయటిదైనా పట్టీల సంఖ్య, మందం, వెడల్పు అసలు కట్టతో సరిపోవాలి. రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. బుష్‌లు, యూ బోల్టులు కొత్తవి వేయించి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ బిగించుకోవాలి.

మిగిలిన నాలుగు బస్తాలకు ఇంకో ట్రిప్పు తిప్పితే పోయేది డీజిలు ఖర్చే. ఇరుసు విరిగితే మాత్రం బండి షెడ్డులో, ధాన్యం కళ్లంలో. అసలే తుఫాన్ల రోజులు.